తలకిందుల బొమ్మ

ఆ వానాకాలం మా దేవుడి అరమరలోకి డెబ్బై ఎనిమిది మంది అద్దెకు దిగారు. అద్దె ఇవ్వరు, అన్నం అడగరు. తలుపు తీస్తే మాత్రం కత్తి పట్టుకున్నవాడొకడు, సింహం నోరు మూస్తున్న ఆవిడొకతె, తెల్లగుర్రమెక్కిన అస్థిపంజరమొకటి వరసగా పలకరించేవారు. దసరా నాటికి వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. అప్పటికే మా ఇంట్లో అందరికంటే గట్టిగా మాట్లాడేవాడి గొంతు కూడా ఖాళీ అయిపోయింది. ఆ గట్టి గొంతువాణ్ణి నేనే.

పేరు సూర్యం. టాటానగర్ షెడ్డులో రైలు పెట్టెల మరమ్మతు నా పని. అక్కడ సుత్తి కొడితే జీతం, ఇంటికొచ్చి సుత్తి కొడితే చీవాట్లు. సిద్ధగోరాలో మా వీధి మొదట్లో నేను దగ్గితే వీధి చివర మా ఇంట్లో టీ గిన్నె పొయ్యెక్కేది. ఏటేటా వినాయక చవితి పందిట్లో మైకు నాదే. సూర్యానికి మైకు మెడలో గొలుసులాంటిది, అందానికే తప్ప అవసరానికి కాదు అనేవారు మా తెలుగువాళ్ళు.

మా ఆవిడ పేరు రోహిణి. రోహిణి కార్తె పంచాంగంలో రెండు వారాలే, మా ఇంట్లో పన్నెండు నెలలూ అని పెళ్ళైన కొత్తలో అన్నాను. ఆవిడ ఇంకా నవ్వలేదు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మా అమ్మ సన్యాసమ్మ మాతోనే ఉంటుంది. ఇంకొకతె మా అమ్మాయి దేవిశ్రీ, కాలేజీ. తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. కసురుకుంటే ఇంగ్లీషులో అలుగుతుంది.

ఆ డెబ్బై ఎనిమిది మంది ఉన్న పెట్టె తెప్పించింది దేవిశ్రీయే. రథయాత్ర సెలవునాడు కొరియరువాడు ఇచ్చి పోయాడు.

"ఏటే ఇది, పేకా?" అన్నాను.

"టారో, పాపా. టారో కార్డ్స్."

"టాటా తెలుసు. టారో ఏటి, టాటాకి తమ్ముడా?"

"అరే పాపా. పహలే యే ఖేల్ థా. సిర్ఫ్ ఖేల్."

మొదట ఉట్టి ఆటేనట. ఆరొందల ఏళ్ళ కిందట ఇటలీలో ప్రభువులు బంగారు రేకులు అద్దించి బొమ్మలు గీయించుకుని, భోజనాలయ్యాక ఆడుకునేవారట. జాతకాల ఊసే లేదు. మూడొందల ఏళ్ళు అలా ఆడుకున్నాక, ఫ్రాన్సులో ఒక పండితుడు ఆ బొమ్మలు చూసి, ఇది ఆట కాదు, ఈజిప్టు పూజారులు దాచిన రహస్యం అని రాసి పారేశాడట. రుజువడిగినవాడు లేడు. ఆయన మాట నిలిచింది, ఆట పోయింది. ఇప్పుడందరూ వాడే బొమ్మలు నూరేళ్ళ కిందట లండన్‌లో ఒక ఆడమనిషి గీసినవట. అందులో ఇరవై రెండు పెద్ద బొమ్మలు, మిగతావి మన పేకలాగే నాలుగు జాతులు: గిన్నెలు, కత్తులు, కర్రలు, నాణేలు.

"అంటే పేకాడినోడు జూదరి, పేక చదివినోడు జ్ఞాని. బాగుందే మీ లెక్క. మీరు కార్డు చూసి కదలండి. మా బండి గార్డు చూసి కదుల్తాది."

రోహిణి నవ్వలేదు సరే, నా వైపు చూడనైనా లేదు. ఒక్కొక్క బొమ్మనే తీసి వెలుతురుకి పెట్టి చూస్తోంది. కొత్త పట్టుగుడ్డ అంచు చూసినట్టు.

మా అమ్మ వంగి చూసింది. "ఇందులో రాజులున్నారు, దేవతల్లాటి ఆడోళ్ళున్నారు, రెక్కలోళ్ళున్నారు. మంచం మీద పడేత్తే కాళ్ళు తగుల్తాయి. తీసికెళ్ళి దేవుడి అరమర్లో ఎట్టండి."

అలా దిగారు అద్దెకి. సింహాచలం అప్పన్న పటానికి కుడిపక్క, ఎర్రగుడ్డలో మూటగా.

*

రోహిణి కూతురి ఫోన్లో చూసి చూసి నెల తిరక్కుండా ఆ బొమ్మలు చదవడం నేర్చేసుకుంది. జాకెట్టు కొలతలకి వచ్చినవాళ్ళకి ముందు సరదాగా ఒక బొమ్మ తీసేది. తరవాత కొలతలకి వచ్చినవాళ్ళు తక్కువైపోయి బొమ్మలకి వచ్చినవాళ్ళు ఎక్కువైపోయారు. చంకకొలత తీసుకుంటూనే మనిషి మనసు తెలుసుకునే అలవాటు ఆవిడకి ముందునుంచీ ఉంది. ఇప్పుడు దానికి రంగుల బొమ్మలు తోడయ్యాయి.

ఈ విద్యలో ఒక కిటుకుంది. బొమ్మ నిటారుగా వస్తే ఒక అర్థం, తలకిందులుగా వస్తే ఇంకో అర్థం. తలకిందులుగా వచ్చిందంటే అదే సంగతి అడ్డం తిరిగిందని, ఆగిపోయిందని. అందుకని రోజూ చివరి మనిషి వెళ్ళిపోయాక రోహిణి ముక్కలన్నీ చాపమీద పరిచి, పిండి కలిపినట్టు రెండు చేతులతో గిరగిరా తిప్పేది. ఎవరి దిగులు ఏ ముక్కకి అంటుకుందో వదలాలని. అలా తలా ఓ దిక్కూ అయినవాటిని మూటగట్టి అరమరలో పెట్టేది. మర్నాడు మూట విప్పి చేతిలోనే మామూలుగా కలిపి తీసేది.

చిత్రమేమిటంటే, మా ఆవిడ చేతిలో బొమ్మలన్నీ నిటారుగానే వచ్చేవి.

"మమ్మీ, ఉల్టా తో కుఛ్ ఆతా హీ నహీ," అంది దేవిశ్రీ. తలకిందులుగా ఒక్కటీ రావడం లేదని దాని ఆశ్చర్యం.

"హస్తవాసి," అన్నాను నేను. "జాకెట్టు కుట్టినా చంక పట్టదు, ముక్క తీసినా అడ్డం తిరగదు."

కష్టం ముక్క వచ్చినా అది నిటారుగా ఉంటే దానికో దారి ఉంటుందనేది రోహిణి. అస్థిపంజరం వచ్చినా చావు కాదమ్మా, పాతది పోయి కొత్తది వస్తుందని అర్థం అనేది. ఏడుస్తూ వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుని వెళ్ళేవారు. సాక్చి కూరల మార్కెట్లో నన్ను చూసి, "కార్డులమ్మ వాళ్ళాయన" అనడం మొదలెట్టారు. ముప్ఫై ఏళ్ళు నోరు పారేసుకుని నేను సంపాదించుకున్న పేరు రెండు నెలల్లో ఆవిడ పేరుకి తోకైపోయింది.

ఒక్క బొమ్మ మాత్రం ఎప్పుడొచ్చినా తలకిందులే. వేలాడే మనిషి.

ఒక కొమ్మకి ఒంటికాలు కట్టి తలకిందులుగా వేలాడదీసిన మనిషి. ఎర్ర లాగు, నీలం చొక్కా, చేతులు వెనక్కి. ఇటలీలో పూర్వం ద్రోహుల బొమ్మలు ఇలాగే కాలికి కట్టి వేలాడుతున్నట్టు గోడలమీద గీసేవారట, ఊరంతా చూసి ఉమ్మెయ్యడానికి. కానీ ఈ మనిషి మొహంలో బాధ లేదు. తల చుట్టూ వెలుగు. అందుకని ఆ బొమ్మ గీసినట్టే వస్తే, ఓపిక పట్టు, ఆగు, ఆగితే తెలుస్తుంది అని అర్థం. అది తిరగబడి వస్తే, ఆగింది చాలు, ఇంకా ఆగడం దండగ, లే అని.

జుగ్సలాయి నుంచి హేమ అని ఒకావిడ వచ్చేది. పుట్టింటివాళ్ళతో ఏదో మాటామాటా వచ్చి, వాళ్ళే పిలుస్తారని ఏళ్ళ తరబడి చూస్తూ కూర్చుంది. ఆవిడకి ఆ బొమ్మ తిరగబడి వచ్చింది.

"ఆళ్ళు పిలవరమ్మా. నువ్వే ఎల్లు," అంది రోహిణి.

హేమ వెళ్ళింది. తల్లి బతికున్న ఆఖరి వారం అది. తిరిగొచ్చి మా గుమ్మంలో కూలబడి, రోహిణి చేతులు పట్టుకుని వదల్లేదు.

ఆరోజునుంచి రోహిణికి ఆ బొమ్మంటే భయంతో కూడిన గౌరవం. "మిగతావి సెప్తాయి. అది పిలుత్తాది," అనేది.

*

నా గొంతు ఉగాదినుంచే బొంగురు. షెడ్డులో దుమ్మన్నాను, ఆవకాయన్నాను, ఐసు నీళ్ళన్నాను. స్వరానికి జ్వరం, దానికదే దిగుతుంది అన్నాను. మా షెడ్డులో దుర్గాప్రసాద్ అని నా జతగాడు. పదిమాటలకి ఒక మాట మాట్లాడే రకం.

"ఈఎన్‌టీ డాక్టరుకి సూపించు," అన్నాడు.

"మనది 'ఏటి' భాష. ఈఎన్‌టీ మనకెందుకురా."

"పరాచికాలు కాదు, సూర్యం. నీ గొంతు పక్క పెట్టిలోకి వినపడతం లేదు."

ఇంటికొచ్చి రోహిణి ముందు కూర్చున్నాను. నవ్వుతూనే కూర్చున్నాను. "కార్డులమ్మగారూ, ఈ బక్క జీవి గొంతు బాగవుద్దో లేదో సెప్పండి."

ఆవిడ నవ్వకుండా కలిపింది. మూడు తీసింది. సూర్యుడు, నక్షత్రం, గిన్నెల పది. సూర్యుడి బొమ్మలో పొద్దుతిరుగుడు పూలు, తెల్లగుర్రం మీద పసివాడు. గిన్నెల పదిలో ఇంద్రధనుస్సు కింద మొగుడూ పెళ్ళాం చేతులెత్తి నిలబడ్డారు, పిల్లలు గెంతుతున్నారు. మూడూ నిటారే.

"ఇంకేటి," అన్నాను. "నా పేరు సూర్యం, వచ్చింది సూర్యుడు. ఇంతకంటే సాక్ష్యం ఉన్నాదా?"

రోహిణి మొహం విప్పారింది. ఆవిడ అప్పటిదాకా భయపడుతోందని అప్పుడు తెలిసింది నాకు. "ఏటీ లేదంట. మిరియాల పాలు తాగండి, తగ్గిపోద్ది," అంది.

తాగాను. దుర్గాప్రసాద్ మళ్ళీ అడిగితే, "పై కోర్టు కొట్టేసింది," అన్నాను. పేకని వెక్కిరించినవాణ్ణి, ఆ మూడు ముక్కల మాటే జేబులో రక్షరేకులా పెట్టుకు తిరిగాను.

శ్రావణంలో వాన తెరిపివ్వలేదు. సువర్ణరేఖ నది భుయ్యాడీ ఘాట్ మెట్లెక్కి వచ్చిందని చూడ్డానికి జనం గొడుగులేసుకుని వెళ్ళారు. ఒకరోజు పళ్ళు తోముకుంటుంటే సింకులో ఎర్రగా ఒక చార పడింది. కిళ్ళీ అనుకున్నాను. ఆ వారమంతా కిళ్ళీ వేసుకోలేదని తరవాత గుర్తొచ్చింది. కుళాయి తిప్పి వదిలేశాను.

*

చవితి పందిట్లో మైకు ముందు నిలబడ్డాను. ముందు వరసల్లో పిల్లలు, వెనక రైల్వే కాలనీ ఆడవాళ్ళు, వాన పడితే పరిగెత్తడానికి అంచున మగవాళ్ళు. ప్రతి ఏడూ మొదలెట్టే మాట, "జంషెడ్‌పూరు జనసంద్రానికి" అని అందుకున్నాను.

గాలి వచ్చింది. మాట రాలేదు.

జనం గొల్లుమన్నారు. ఇది ఈ ఏటి కొత్త జోకు అనుకున్నారు. మళ్ళీ నోరు తెరిచాను. తలుపు కీలు కిర్రుమన్నట్టు ఏదో చప్పుడు. ఇంకా నవ్వారు. నేను గొంతు పట్టుకున్నాను. అదీ నటనే అనుకుని చప్పట్లు కొట్టారు. మొదటి వరసలో ఒక బుడతడు అచ్చం నాలాగే గొంతు పట్టుకుని కిర్రు కిర్రుమని చూపిస్తే పందిరంతా ఊగిపోయింది. నా జీవితంలో అంత నవ్వు నేనెప్పుడూ రాబట్టలేదు.

దుర్గాప్రసాద్ నవ్వలేదు. ఆడవాళ్ళ వరసలో రోహిణి నవ్వలేదు. రోహిణి నవ్వకపోవడం మామూలే గనక నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, మూట విప్పి నా ఎదురుగా చాపమీద కూర్చుంది. ఏమీ అడగమనలేదు, ఏమీ చెప్పమనలేదు. కలిపి ఒక్కటే తీసింది.

వేలాడే మనిషి. తిరగబడి.

ఎర్ర లాగు మనిషి ఒంటికాలి మీద నిలబడి, రెండోకాలు మడిచి, కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు. వేలాడుతున్నట్టు లేడు, బయల్దేరబోతున్నట్టున్నాడు.

"పదండి. ఆసుపత్రికెల్దాం," అంది.

నేను ఒక జోకు వేశాను. ఏమిటో ఇప్పుడు గుర్తులేదు. కొమ్మకి కట్టినవాడికి లేని తొందర కొమ్మ కింద కూర్చున్నవాళ్ళకెందుకనో, అలాంటిదేదో.

ఆవిడ చెవి నా నోటి దగ్గరగా పెట్టింది.

"మళ్ళీ అనండి," అంది. "వినపళ్ళేదు."

లేచి చొక్కా వేసుకున్నాను.

*

రైల్వే ఆసుపత్రి డాక్టరు గొంతులోకి గొట్టం దించి చూసి, కాగితం రాసి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ ఒక కుర్ర డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది, బయాప్సీ అంది. భయాప్సీ అని నేను గాలితో అన్నాను. ఆవిడకి తెలుగు రాదు.

ముక్క తీసింది మా ఆవిడ ఒకటి, డాక్టరమ్మ ఒకటి. రెండో ముక్కలో ఉన్నదేమిటో వాళ్ళు చల్లగా, నెమ్మదిగా, కుర్చీ దగ్గరకి లాక్కుని చెప్పారు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ముందే వచ్చి ఉంటే గొంతు మిగిలేదేమో అంది డాక్టరమ్మ. ఇంకో పండగ దాకా ఆగి ఉంటే మనిషి మిగిలేవాడు కాదు అని కూడా అంది.

తిరిగొచ్చేటప్పుడు సాక్చి గోల్‌చక్కర్ కూడలి దగ్గర మా ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ప్లాస్టిక్ పరదా మీద వాన టపటపా కొడుతోంది. రోహిణి ఆ పరదా అంచు మడతలు పెడుతూ కూర్చుంది.

"ముందే అంటే, సూర్యుడొచ్చినాడే, అప్పుడే గదా," అంది.

నేను తలడ్డంగా ఊపాను.

"అప్పుడే. మిరియాల పాలు తాగమన్నాను. నానే." పరదా అంచు సాపు చేసి మళ్ళీ మడిచింది. "నిటారుగానే వచ్చినాదండీ. అన్నీ నిటారుగానే వచ్చినాయి. నాకు సదవడం రాలేదు."

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆ హారన్‌ని దాటి వెళ్ళే గొంతు నాకు లేదు.

*

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు తెలతెలవారుతుండగా మెలకువ వచ్చింది. దేవుడి గదిలో లైటు కనపడి, దణ్ణం పెట్టుకుందామని వెళ్ళాను. మా అమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని పీటమీద కూర్చుంది. ఒళ్ళో ఎర్రగుడ్డ. గుడ్డలో బొమ్మలు.

ఒక్కొక్కటే తీస్తోంది. కొంగుతో తుడుస్తోంది. నిటారుగా ఉన్నదాన్ని అలాగే, తలకిందులుగా ఉన్నదాన్ని తిప్పి, ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా.

గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

"లేసీసేవేటిరా," అంది తల ఎత్తకుండా. "రా, కూకో."

కూర్చున్నాను. "ఏటమ్మా, ఇది?" అన్నాను. ఆవిడ నా పెదవులు చూసి అర్థం చేసుకుంది.

"సూడు మరి. మీ ఆవిడ సాయంత్రం సాపమీద కలియదిప్పీసి, ఎలాగున్నవాట్ని అలాగే మూటగట్టీసి ఎట్టెత్తాది. దేవుడి దగ్గర తలకిందుల బొమ్మలుంటాయేటిరా? పటం ఏలాడదీసేటప్పుడు తలకిందులుగా ఎడతామా? ఇంటికి మంచిదా? అందుకని దీపం ఎట్టీ ముందు నానే సరిదిద్దుతాను."

"రోజూనా?"

"పెట్టి వచ్చిన్నాటినుంచి. నాకేటి పని."

ఒక బొమ్మ దగ్గర ఆగి విసుక్కుంది. పిడుగుపడి కూలుతున్న మేడ, పైనుంచి తలకిందులుగా పడుతున్న ఇద్దరు మనుషులు. "ఈటితోనే తంటా. మేడ నిలబెడితే మనుషులు పడిపోతన్నారు. మనుషుల్ని నిలబెడితే మేడ పడిపోతంది. మేడే నిలబెట్టేను. మేడున్నోళ్ళు ఆళ్ళే లేత్తారు."

మామూలప్పుడైతే అక్కడ పేకమేడ అని ఒక మాట నా నోట్లోంచి రాకుండా ఎవరూ ఆపలేకపోయేవారు. నేను తరవాతి బొమ్మకోసం చూస్తున్నాను. అది వస్తుందని తెలుసు.

వచ్చింది. ఎర్ర లాగు, నీలం చొక్కా. కొమ్మకి కాలు కట్టి, తల కిందికి. గీసినామె ఎలా గీసిందో అలాగే ఉంది.

మా అమ్మ నాలుక చప్పరించింది. "ఎవుడి కొడుకో. కాలికి తాడేసి ఏలాడదీసీనారు. నెత్తురంతా తలకెక్కిపోదేటి." కొంగుతో మొహం తుడిచి, మెల్లగా తిప్పి, నిలబెట్టింది. "ఈడ్ని మాత్రం నిలబెడతాను. ఒక్క పూటయినా కాళ్ళమీద నిలబడనీ."

నక్షత్రం ఆ పేర్పులోనే ఉంది. గిన్నెల పది ఉంది. సూర్యుడున్నాడు, ముసలి చేతి తడి ఇంకా ఆరకుండా మెరుస్తూ. ఆరోజు నా ముందు పడ్డవి ఎటు తిరిగి ఉండేవో ఎవరికి తెలుసు. సూర్యుణ్ణి నిలబెట్టిందీ ఈ చెయ్యే, ఈ వేలాడేవాణ్ణి నిలబెట్టిందీ ఈ చెయ్యే.

"తప్పేటిరా?" అంది అమ్మ నా మొహం చూసి.

"లేదమ్మా."

వంటింట్లోంచి రోహిణి గొంతు. "ఎవులతోటండీ మాటాడతన్నారు? గొంతు నొప్పెట్టుకోకండి."

మర్నాటికి నా గొంతు ఉండదు. మిగిలిన నాలుగు మాటలూ దేనికి ఖర్చుపెట్టాలో అని రెండు రోజులనుంచి ఆలోచిస్తున్నాను. ఏదో గొప్పది, నలుగురూ చెప్పుకునేది ఒకటి అనాలని. ఇప్పుడు చూసింది చెబితే రోహిణి గుండెమీద బరువు దిగిపోతుంది. దిగి, పీటమీద కూర్చున్న ఈవిడ గుండెమీదికి ఎక్కుతుంది.

"ఏటీ లేదే," అన్నాను, ఉన్న గాలంతా పోగుచేసి. "అమ్మ దీపం ఎడతంది."

*

దసరా నవరాత్రుల మొదట్లో ఇంటికి తీసుకొచ్చారు. మెడలో చిన్న రంధ్రం, దానికో గొట్టం. గాలి అక్కణ్ణించే వెళ్తుంది, అక్కణ్ణించే వస్తుంది. దేవిశ్రీ పలక తెచ్చి ఇచ్చింది. మొదటిరోజు దానిమీద, "ఇకమీదట సూర్యం గాలి మాటలు మాట్లాడడు, గాలే మాట్లాడుతుంది" అని రాశాను. అది చదివి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బయటికొచ్చాక నాతో తెలుగులో మాట్లాడింది. అప్పటినుంచీ తెలుగులోనే మాట్లాడుతోంది.

దుర్గాప్రసాద్ రోజూ షెడ్డునుంచి నేరుగా వచ్చి కూర్చుంటాడు. పదిమాటలకి ఒకటి మాట్లాడేవాడు ఇప్పుడు నా వాటా కూడా మాట్లాడుతున్నాడు. పాపం, ఒక్కటీ పేలదు.

రోహిణి జాకెట్లు మానలేదు, బొమ్మలు మానేసింది. వచ్చినవాళ్ళకి, "ఇప్పుడు తియ్యటం లేదమ్మా" అని కొలతలు తీసుకుని పంపేసేది. హేమ జుగ్సలాయి నుంచి వచ్చి బతిమాలింది. "నాకు సదవడం రాదు, హేమా. మీ అమ్మది ఏదో కలిసొచ్చినాది," అంది. సూర్యుడి బొమ్మని ఆవిడ క్షమించలేదు, తనని అసలే క్షమించుకోలేదు. రోహిణి మూట ముట్టుకోకపోయినా మా అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే అది విప్పి, తుడిచి, చూసి, మళ్ళీ కట్టేది.

దశమినాడు భుయ్యాడీ ఘాట్‌కి దుర్గమ్మల్ని నిమజ్జనానికి తీసుకెళ్తున్నారు. ఢాక్ డోళ్ళు మా సందులోకి వినపడుతున్నాయి. చిరిగిన దేవుడి పటాలు, పాత క్యాలెండర్ల లక్ష్ములు, పారెయ్యకూడనివన్నీ ఆరోజు నీళ్ళలో కలపడం మా ఇంటి అలవాటు. రోహిణి వాటన్నిటినీ సంచిలో సర్దుకుంది. చివర్న అరమర తెరిచి ఎర్రమూట తీసి అందులో వేసింది. నన్ను చూసింది. నా ఒళ్ళో పలక ఉంది. చేతిలో సుద్దముక్క ఉంది. రాయలేదు.

దీపాల వేళకి ఆవిడ తిరిగొచ్చేసరికి చీర అంచు మోకాళ్ళదాకా తడిసి ఉంది. ఖాళీ సంచి కొక్కేనికి తగిలించింది. నా గొట్టం తుడిచే వేళ అయిందని దూదీ, నీళ్ళ గిన్నే తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. దేవుడి గదిలోంచి మా అమ్మ కేకేసింది.

"ఏటే రోహిణీ, అరమర బోసిగున్నాది. ఆ బొమ్మలోళ్ళేరి?"

"నీళ్ళలో కలిపీసేనత్తా. ఇంక మనకెందుకని."

"మంచిదే. దేవుడి దగ్గరున్నవి మరి, అలాగే పంపాల." అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. "కలిపీముందు సరిగ్గా పేర్చేవా? నాను పొద్దున్నే అన్నీ నిలబెట్టే ఎట్టేను. నువ్వు రోజూ కెలికీసేదానివి, నాను రోజూ నిలబెట్టుకునీదాన్ని. ఆ కాలికి తాడు కట్టినోడు, ఆడ్నయితే ఒక్కరోజూ ఏలాడనిచ్చేను కాదు. ఆడ్ని నిలబెట్టి పంపేవా?"

నా చెయ్యి లేచింది. ఆ మాట అడ్డుకోవడానికి నోరు తెరిచాను కూడా. గొట్టంలోంచి బుస్సుమని గాలి.

రోహిణి చేతిలో దూది ఆగిపోయింది. ఆవిడ దేవుడి గది వైపు చూసింది. తరవాత ఖాళీ సంచి వైపు. తరవాత, చాలా నెమ్మదిగా, నా వైపు తిరిగింది. మొహంలో ఒక్కొక్క ముక్కే పడుతోంది. సూర్యుడు, నక్షత్రం, హేమ, వేలాడే మనిషి. ఆసుపత్రికి బయల్దేరిన తెల్లవారుజామున వంటింట్లోంచి తనడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు.

నీకు తెలుసా అన్నట్టు కనుబొమలెత్తింది. తలూపాను.

బయట ఢాక్‌లు మా సందు దాటి నది వైపు దిగిపోతున్నాయి. లోపల్నుంచి మా అమ్మ మళ్ళీ అడిగింది. "ఏటే, పలకవు? నిలబెట్టేవా లేదా?"

"నిలబెట్టే పంపేనత్తా," అంది రోహిణి.

"అదీ. మంచిపని సేసేవు." దీపం వెలిగినట్టుంది. గుమ్మంలో పసుపుపచ్చగా చిన్న వెలుగు పడింది.

రోహిణి దూదిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండింది. రెండు వేళ్ళు నా గడ్డం కింద పెట్టింది.

"తల కొంచెం ఎత్తండి," అంది.

ఎత్తాను.